కన్సల్టెంటా, సొంత మనిషా? కంపెనీ ప్రాజెక్టులకి మనుషుల్ని ఎంచుకునే పద్ధతి

కొత్త ప్రాజెక్టు మాట ఎత్తగానే కంపెనీలో రెండు వర్గాలు తయారవుతాయి. "తెలిసినవాడిని బయటి నుంచి పిలుద్దాం, మూడు నెలల్లో తేల్చేస్తాడు" అంటుంది ఒక వర్గం. "రోజుకి అంత పోసే బదులు ఆ డబ్బుతో ఇద్దర్ని పెట్టుకోవచ్చు కదా" అంటుంది రెండోది. హైదరాబాద్‌లో ఈ వాదన మరీ ఎక్కువ, ఎందుకంటే ఇక్కడ ఇద్దరూ దొరుకుతారు. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ కంపెనీల్లో పదిహేనేళ్లు చేసి, బయటికొచ్చి సొంతంగా కన్సల్టింగ్ పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. అమీర్‌పేటలో కోర్సు ముగించి ఉద్యోగం కోసం తిరుగుతున్నవాళ్లూ ఉన్నారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రాజెక్టు మొత్తాన్నీ ఒకటే గంపగుత్తగా చూసి "కన్సల్టెంటా, పర్మినెంటా" అని అడగడం వల్లే సగం గొడవ. ప్రాజెక్టులోని ఒక్కో పనికీ విడిగా అడగాలి. అడిగేటప్పుడు కూడా ఎవరు చవక అన్నది తర్వాతి మాట. ఈ పని అయిపోయాక ఆ విద్య మన దగ్గర మిగలాలా, అక్కర్లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. మిగలాల్సిన పనికి సొంత మనిషి, మిగలక్కర్లేని పనికి బయటి మనిషి. కింద చెప్పేదంతా దీన్ని ఆచరణలో పెట్టే పద్ధతే.

మాట్లాడుకోవడానికి వీలుగా ఒక కంపెనీని ఊహించుకుందాం. జీడిమెట్లలో మందుల కంపెనీలకి అట్టపెట్టెలు, లేబుళ్లు తయారుచేసే యూనిట్. 60 మంది ఉద్యోగులు. అకౌంట్లు టాలీలో, స్టాకు ఎక్సెల్‌లో, మిగతాదంతా స్టోర్స్ ఇన్‌చార్జి బుర్రలో. ఇప్పుడు ఈఆర్‌పీ, అంటే కొనుగోళ్లు, స్టాకు, అకౌంట్లు అన్నీ ఒకే చోట నడిపే సాఫ్ట్‌వేర్, పెట్టాలనుకుంటున్నారు.

మొదటి అడుగు: ప్రాజెక్టుని పనులుగా విడగొట్టండి

"ఈఆర్‌పీ పెట్టడం" అనేది ఒక పని కాదు. కాగితం మీద రాస్తే కనీసం ఇన్ని వస్తాయి: ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో తేల్చడం, ఇండెంట్ (సరుకు కావాలని రాసే చీటీ) నుంచి పేమెంట్ దాకా ఇప్పుడు పని ఎలా నడుస్తోందో రాసుకోవడం, సాఫ్ట్‌వేర్‌ని దానికి తగ్గట్టు సెట్ చేయడం, ఐటెమ్ లిస్టు శుభ్రం చేయడం, పాత డేటాని కొత్తదాంట్లోకి ఎక్కించడం, జీఎస్టీ ఈ-ఇన్వాయిస్‌కి (బిల్లుల్ని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే పద్ధతికి) కలపడం, మనుషులకి నేర్పించడం, గో లైవ్ అయ్యాక (కొత్త సిస్టమ్‌లో అసలు పని మొదలయ్యాక) రోజూ వచ్చే సమస్యలు చూసుకోవడం.

ఇందులో ఐటెమ్ లిస్టు సంగతే చూడండి. ఒకే పెట్టెని స్టోర్స్ వాళ్లు ఒక పేరుతో, డిస్పాచ్ వాళ్లు ఇంకో పేరుతో, కస్టమర్ ఆర్డర్‌లో మూడో పేరుతో రాస్తుంటారు. ఈ మూడూ ఒకటేనని ప్రపంచంలో ఏ కన్సల్టెంటుకీ తెలియదు, మీ స్టోర్స్ ఇన్‌చార్జికి తెలుసు. ఆ పనిని రోజువారీ రేటు ఇచ్చి బయటివాళ్లతో చేయిస్తే, వాళ్లు రోజంతా ఆయన పక్కన కూర్చుని ఆయన చెప్పిందే టైప్ చేస్తారు. బిల్లు మాత్రం నిపుణుడి రేటులో వస్తుంది. ఈ-ఇన్వాయిస్ కలపడం దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది ఒక్కసారి చేసే సాంకేతిక పని, చాలాసార్లు చేసినవాడు చప్పున ముగిస్తాడు. దానికోసం ఉద్యోగిని పెట్టుకోవడం దండగ.

విడగొట్టిన కాగితం రెండు పేజీలు దాటనివ్వకండి. దాటిందంటే పని గురించి కాక సాఫ్ట్‌వేర్ ఫీచర్ల గురించి రాస్తున్నట్టు.

రెండో అడుగు: ఒక్కో పనిని నాలుగు ప్రశ్నలతో జల్లించండి

ఈ పని ఏడాది తర్వాత కూడా ఉంటుందా? దీనిలో తెలుసుకున్నది పోతే మనకి నష్టమా? ఏం కావాలో ముందే కాగితం మీద రాయగలమా? వచ్చిన పని బాగుందో లేదో చెప్పగలిగినవాళ్లు మన దగ్గర ఉన్నారా?

మొదటి రెండింటికీ "అవును" అని వస్తే సొంత మనిషి కావాలి. రెండింటికీ "కాదు" అయితే కన్సల్టెంట్. ఒకటి అవును, ఒకటి కాదు అని వచ్చే పనులే ఎక్కువ ఉంటాయి. వాటికి కన్సల్టెంట్‌ని పిలిచి, పక్కన మన మనిషిని కూర్చోబెట్టడం తప్ప మార్గం లేదు. ఆ సంగతి కింద ఇంకొంచెం వివరంగా ఉంది.

మూడో ప్రశ్నని చాలామంది దాటేస్తారు. ఏం కావాలో ముందే రాయలేని పనిని, అంటే రోజుకోలా మారే పనిని, ఫిక్స్‌డ్ ధరకి బయట ఇస్తే ప్రతి మార్పుకీ అదనపు బిల్లు వస్తుంది. కన్సల్టెంట్‌ది తప్పనలేం, ఆయన ఒప్పుకున్నది వేరు. అలాంటి పనికి జీతం మీద ఉన్న మనిషే నయం.

నాలుగో ప్రశ్నకి "లేరు" అని వస్తే కంగారు పడక్కర్లేదు. పని చేసే కన్సల్టెంట్ కాకుండా, ఆ పనితో లాభనష్టాలేమీ లేని ఇంకో అనుభవజ్ఞుడిని రెండు మూడు రోజులకి పిలిచి కొటేషన్లు, డిజైన్ చూపించండి. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ల దగ్గర కమీషన్ తీసుకునే మనిషినే "ఏది కొనమంటారు" అని అడగడం మన దగ్గర మామూలైపోయింది. కమీషన్ ఉందా అని సూటిగా అడగండి, లేదని రాతపూర్వకంగా తీసుకోండి.

మూడో అడుగు: పేర్లు సరిచేసుకోండి

మన ఆఫీసుల్లో "కాంట్రాక్ట్ మీద తీసుకున్నాం" అనే ఒక్క మాటతో నాలుగు వేర్వేరు ఏర్పాట్లని కలిపేస్తారు. ఒకటి, పర్మినెంట్ ఉద్యోగి. రెండు, ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగి: గడువు ముందే రాసి ఉంటుంది, కానీ ఆ గడువు దాకా మీ ఉద్యోగే, మీ పేరోలే. మూడు, థర్డ్ పార్టీ పేరోల్: మనిషి మీ దగ్గర కూర్చుంటాడు, జీతం స్టాఫింగ్ ఏజెన్సీ ఇస్తుంది, ఏజెన్సీ మీకు బిల్లు వేస్తుంది. నాలుగు, అసలు కన్సల్టెంట్: తన పని తాను తన పద్ధతిలో చేసి ఇన్వాయిస్ పంపుతాడు.

ఎనిమిది నెలల నుంచి ఏడాదిన్నర దాకా సాగే ప్రాజెక్టులకి రెండోది చాలా మంచి దారి, కానీ చిన్న కంపెనీలు దాన్ని వాడుకోవు. 2025 నవంబర్ 21న పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక దీని లెక్క మారింది. ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగికి అదే పని చేసే పర్మినెంట్ ఉద్యోగితో సమానంగా జీతం, సౌకర్యాలు ఇవ్వాలి. గ్రాట్యుటీకి (ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తానికి) పర్మినెంట్ వాళ్లలా ఐదేళ్లు ఆగక్కర్లేదు, ఏడాది పని చేస్తే చాలు. దానికి బదులుగా గడువు ముగిసి వెళ్లిపోతే అది ఉద్యోగం తీసేసినట్టు కాదు. ప్రాజెక్టు అయ్యాక ఈ మనిషిని ఏం చేయాలన్న టెన్షన్ ఉండదు.

థర్డ్ పార్టీ పేరోల్ తీసుకుంటే బాధ్యత అంతా ఏజెన్సీదే అనుకోవద్దు. ఏజెన్సీ జీతం ఎగ్గొడితే చట్టం చివరికి వచ్చేది పని చేయించుకున్న కంపెనీ దగ్గరికే. ప్రతి నెలా ఏజెన్సీ బిల్లుతో పాటు ఆ మనుషుల పేర్లున్న పీఎఫ్ చలాన్ అడగండి. అది లేకుండా బిల్లు పాస్ చేయొద్దని అకౌంట్స్‌కి చెప్పి ఉంచండి.

నాలుగో అడుగు: లెక్క వేయండి, సరిగ్గా వేయండి

అందరూ చేసే తప్పు లెక్క ఒకటుంది: కన్సల్టెంట్ రోజు రేటుని 30తో హెచ్చవేసి, ఉద్యోగి నెల జీతం పక్కన పెట్టి గుండె పట్టుకోవడం. ఉద్యోగి ఏడాదికి 365 రోజులు పని చేయడు. శని, ఆదివారాలు 104 తీసేస్తే 261. పండగలకి 10, సెలవులకి 20 తీసేస్తే సుమారు 230 రోజులు.

ఉదాహరణకి 12 లక్షల సీటీసీ, అంటే ఆఫర్ లెటర్‌లో చూపించే ఏడాది మొత్తం ప్యాకేజీ, అనుకుందాం. ఇందులో కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ సాధారణంగా కలిసే ఉంటాయి. పీఎఫ్‌కి కంపెనీ వాటా బేసిక్‌లో 12 శాతం, గ్రాట్యుటీకి ఏడాదికి పక్కన పెట్టాల్సింది బేసిక్‌లో 4.81 శాతం. ఏడాది సర్వీసుకి 15 రోజుల జీతాన్ని, నెలకి 26 రోజులుగా లెక్కగడితే వచ్చే అంకె అది. సీటీసీలో లేనివి వేరే ఉంటాయి: ల్యాప్‌టాప్, కూర్చునే చోటు, ఇన్సూరెన్స్, మనిషిని వెతికిన ఏజెన్సీ ఫీజు, నేర్పించడానికి పట్టే సమయం. వీటన్నిటికీ కలిపి 2 లక్షలు వేద్దాం. మొత్తం 14 లక్షలు, 230 రోజులకి పంచితే రోజుకి దాదాపు 6,090 రూపాయలు.

అదే స్థాయి కన్సల్టెంట్ రోజుకి 12,000 అడిగాడనుకోండి. రెట్టింపు కదా అని వెనక్కి తగ్గొద్దు. 14 లక్షల్ని 12,000తో భాగిస్తే 117 వస్తుంది. మీకు ఆ పని ఏడాదిలో 117 రోజులకన్నా తక్కువ ఉంటే కన్సల్టెంటే చవక, ఎక్కువ ఉంటే ఉద్యోగి చవక. మన జీడిమెట్ల యూనిట్‌లో సాఫ్ట్‌వేర్ సెట్ చేసే పని 60 రోజులనుకుంటే, దానికి ఉద్యోగిని పెట్టడం మిగతా 170 రోజులు ఆయనకి పని వెతకడంతో సమానం. గో లైవ్ తర్వాతి సపోర్ట్ రోజూ ఉండేదే కాబట్టి అక్కడ లెక్క తిరగబడుతుంది.

ఈ లెక్కలో జీఎస్టీ కలపలేదు, ఎందుకంటే చాలా కంపెనీలకి అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా (తాము కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకునేలా) వెనక్కొస్తుంది. మీది హాస్పిటలో స్కూలో అయితే అలా కుదరదు. మీ సేవలకి జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి మీరు కట్టిన 18 శాతం ఖర్చులోకే పోతుంది. 12,000 కాస్తా 14,160 అవుతుంది, 117 రోజుల గీత 99కి దిగుతుంది.

డబ్బుతో పాటు కాలం లెక్క కూడా వేయాలి. ఐటీ, దాని చుట్టుపక్కల ఉద్యోగాల్లో నోటీస్ పీరియడ్ 60 నుంచి 90 రోజులు ఉండటం మామూలే. ఆఫర్ లెటర్ తీసుకుని, దాన్ని చూపించి ఇంకో చోట ఎక్కువ అడిగి, చేరాల్సిన రోజు ఫోన్ ఎత్తనివాళ్లు ఈ ఊళ్లో తక్కువేం లేరు. వచ్చే ఏప్రిల్ 1కి పుస్తకాలు కొత్త సిస్టమ్‌లో మొదలవ్వాలనుకుని జనవరిలో ఉద్యోగి కోసం వెతకడం మొదలుపెడితే కథ అక్కడే ముగుస్తుంది.

ఐదో అడుగు: చట్టం దృష్టిలో ఆయన ఎవరో చూసుకోండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. అగ్రిమెంట్ పైన "కన్సల్టెన్సీ" అని రాసినంత మాత్రాన మనిషి కన్సల్టెంట్ అయిపోడు. రోజూ 9:30కి బయోమెట్రిక్, సెలవు కావాలంటే మేనేజర్ అనుమతి, మీ ల్యాప్‌టాప్, మీ ఈమెయిల్, మీరు చెప్పిన పద్ధతిలోనే పని, నెలనెలా ఒకే మొత్తం, ఇంకెవరికీ పని చేయకూడదన్న షరతు. ఇవన్నీ ఉంటే ఆయన ఉద్యోగే, పేరు మాత్రమే వేరు.

దీని మీద దేశమంతా చెప్పుకునే తీర్పుల్లో ఒకటి మన ప్రాంతం నుంచి వెళ్లిన కేసులోనే వచ్చింది. సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్ కేసు, సుప్రీంకోర్టు, 1973. అప్పటి తెలంగాణ ప్రాంత షాపుల చట్టం కింద వచ్చిన వివాదం. అక్కడి దర్జీలకి నెల జీతం లేదు, కుట్టినదాన్ని బట్టి కూలి. రోజంతా షాపులో ఉండాలన్న నియమం లేదు. కొందరు బట్ట ఇంటికి పట్టుకెళ్లి కుట్టేవారు కూడా. ఇన్ని ఉన్నా కోర్టు వాళ్లని ఉద్యోగులనే తేల్చింది. కుట్టు మిషన్లు షాపువి, పని షాపు చెప్పినట్టు ఉండాలి, నచ్చకపోతే తిప్పికొట్టే హక్కు యజమానిది. వీటి ముందు కూలి లెక్క ఎలా కట్టారన్నది పెద్ద విషయం కాలేదు. ల్యాప్‌టాప్‌ల కాలంలోనూ చూసేది ఇలాంటివే: పనిముట్టు ఎవరిది, పద్ధతి ఎవరిది, నష్టం వస్తే ఎవరిది, ఆ మనిషి నిజంగా సొంత వ్యాపారం చేస్తున్నాడా.

ఉద్యోగిని కన్సల్టెంట్‌గా చూపించారని తేలితే ఏమవుతుంది? 20 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న కంపెనీకి పీఎఫ్ ఉంటుంది కాబట్టి పాత నెలలన్నిటికీ బకాయి కట్టమంటారు, దాని మీద వడ్డీ, పైన నష్టపరిహారం. ఆ మనిషి వాటా అప్పట్లో కోయలేదు కాబట్టి ఆచరణలో అదీ కంపెనీ నెత్తినే పడుతుంది. జీతం మీద కోయాల్సిన పన్ను తక్కువ కోశారని ఆదాయపు పన్ను శాఖ నుంచి ఇంకో నోటీసు. చాలాసార్లు ఇదంతా ఎలా మొదలవుతుందంటే, మనస్పర్థలొచ్చి బయటికి వెళ్లిన ఆ మనిషి పెట్టిన ఒక ఫిర్యాదుతో.

కొన్నిసార్లు ఉద్యోగులే వచ్చి "నన్ను కన్సల్టెంట్‌గా చూపించండి సార్, టాక్స్ తగ్గుతుంది" అంటారు. నిర్దేశిత వృత్తుల వాళ్లు రాబడిలో సగాన్నే ఆదాయంగా చూపించి పన్ను కట్టే వెసులుబాటు ఉంది, రాబడి 50 లక్షల లోపు అయితే. నగదుగా వచ్చింది రాబడిలో 5 శాతం మించకపోతే 75 లక్షల దాకా. వాళ్లకి లాభమే. కానీ పైన చెప్పిన ప్రమాదమంతా మీది. మొహమాటానికి పోయి ఒప్పుకోకండి.

కాబట్టి నిజంగా కన్సల్టెంటే కావాలనుకుంటే నిజంగానే అలా ఉంచండి. హాజరు కాకుండా ఫలితం అడగండి. ఇతర క్లయింట్లకి పని చేసుకోనివ్వండి. వీలైతే తన ల్యాప్‌టాప్ తనే వాడుకోనివ్వండి. ఆర్గనైజేషన్ చార్టులో ఆయన కింద మీ ఉద్యోగుల్ని పెట్టి, వాళ్ల సెలవులు ఆయన చేత మంజూరు చేయించకండి. అయితే ఒక విషయంలో ఆయన్ని బయటివాడిగా చూడకూడదు: పని చోట లైంగిక వేధింపుల నిరోధానికి తెచ్చిన 2013 చట్టం కాంట్రాక్టు, తాత్కాలిక, ఏజెంటు ద్వారా వచ్చినవాళ్లందరినీ పరిధిలోకి తీసుకుంటుంది. మీ అంతర్గత కమిటీ వివరాలు వాళ్లకీ ఇవ్వండి.

ఆరో అడుగు: మనిషిని వెతకడం, పరీక్షించడం

ఉద్యోగిని ఎంచుకోవడం గురించి అందరికీ తెలిసిందే, ఎక్కువ చెప్పను. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లెటర్ల బెడద ఉన్న ఊరు కాబట్టి పీఎఫ్ సర్వీస్ హిస్టరీ చూడండి. లెటర్‌లో ఐదేళ్లుండి పీఎఫ్‌లో రెండేళ్లే కనిపిస్తే వివరం అడగండి.

కన్సల్టెంట్ విషయంలో ఇంటర్వ్యూ అంతగా పనికిరాదు. బాగా మాట్లాడటం ఆయన వృత్తిలో భాగం. ఇంతకుముందు చేసిన ఇద్దరు క్లయింట్లతో ఫోన్‌లో మాట్లాడండి. "బాగా చేశాడా" అని అడిగితే "బాగానే చేశాడండీ" అంటారు, మన వాళ్లు ఎవరి గురించీ చెడు చెప్పరు. "ఆయన వెళ్లిపోయాక సమస్య వస్తే ఎవరు సరిచేస్తున్నారు?" అని అడగండి. "మా అబ్బాయే చూసుకుంటున్నాడు" అని వస్తే మంచి కన్సల్టెంట్. "ఆయనకే ఫోన్ చేస్తాం" అని వస్తే ఆలోచించండి.

ఇంకో మాట. ఏజెన్సీతో మాట్లాడుతుంటే, మీటింగ్‌కి వచ్చిన సీనియరే పని చేస్తాడా లేక నిన్న చేరిన కుర్రాడిని పంపిస్తారా అని తేల్చుకోండి. పని చేసే మనిషి పేరు అగ్రిమెంట్‌లో ఉండాలి, మార్చాలంటే మీ అంగీకారం ఉండాలి. మొత్తం పని ఇచ్చేముందు ఐదు రోజుల చిన్న పని ఒకటి, డబ్బు ఇచ్చే, చేయించండి. ఉచితంగా చేయించుకోవద్దు, ఉచితంగా చేసేది అమ్మకం కోసం చేసే పని, అందులో అసలు తీరు కనబడదు.

ఏడో అడుగు: అగ్రిమెంట్

స్టాంప్ పేపర్ మీద ఉంటే చాలనుకునేవాళ్లు ఎక్కువ. స్టాంప్ పేపర్ కింద రాసింది ఏమిటన్నదే ముఖ్యం. పని పరిధి, మైలురాళ్లు, ఏది అందితే ఎంత చెల్లిస్తారు, ఎవరు చూసి ఓకే చెప్తారు, ఎన్ని రోజుల్లో చెప్తారు, మధ్యలో ఆపాలంటే ఎంత నోటీసు, రహస్యాలు బయట పెట్టకపోవడం, వివాదం వస్తే హైదరాబాద్‌లోనే మధ్యవర్తిత్వం. ఇవి ఏ లాయరైనా రాస్తారు.

చాలా అగ్రిమెంట్లలో తప్పిపోయేది, లేదా అరకొరగా ఉండేది, హక్కుల సంగతి. కాపీరైట్ చట్టం 1957, 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్, చేసిన డిజైన్, రాసిన మాన్యువల్, వేరే ఒప్పందం లేకపోతే, కంపెనీ సొంతం. కన్సల్టెంట్ విషయంలో అలా కాదు. డబ్బు మొత్తం ఇచ్చేసినా, రాతపూర్వకంగా బదిలీ చేయకపోతే కాపీరైట్ ఆయనదే. ఇంకా ఉంది. బదిలీ చేస్తున్నామని రాసి, ఎంతకాలానికో రాయకపోతే 19వ సెక్షన్ దాన్ని ఐదేళ్లకే పరిమితం చేస్తుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. ఏడాదిలోపు ఆ హక్కుని వాడుకోకపోతే, వేరేలా రాసుకోకపోతే, బదిలీ రద్దయినట్టే. కాబట్టి వాక్యంలో ఈ మూడూ ఉండాలి: కాపీరైట్ ఉన్నంతకాలం, ప్రపంచమంతటా, వాడకపోయినా రద్దు కాకుండా. కంపెనీని రేపు అమ్మాలనుకున్నా, పెట్టుబడి తీసుకోవాలనుకున్నా కొనేవాళ్ల లాయరు మొదట అడిగే కాగితాల్లో ఇదొకటి.

దీనికి ఎదురు పక్షం కూడా ఉంది. కన్సల్టెంట్ ఏళ్ల తరబడి రాసి పెట్టుకున్న టెంప్లేట్లు, స్క్రిప్టులు మీ ప్రాజెక్టులో వాడతాడు. అవి కూడా మాకే రాసివ్వమంటే మంచివాళ్లు ఒప్పుకోరు, అడగడమూ న్యాయం కాదు. వాటికి శాశ్వతంగా వాడుకునే లైసెన్సు తీసుకుంటే సరిపోతుంది.

"ప్రాజెక్టు అయ్యాక రెండేళ్లు మా పోటీ కంపెనీలకి పని చేయకూడదు" అని రాసి ధీమాగా ఉండకండి. కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ కింద ఆ షరతు నిలవదు. రహస్యాలు కాపాడాలన్న షరతు గట్టిగా రాసుకోండి, అది పనికొస్తుంది.

ఎనిమిదో అడుగు: చెల్లింపులు

కన్సల్టెంట్‌కి ఇచ్చే ఫీజు మీద టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కోయాలి. వృత్తిపరమైన సేవలకి 10 శాతం, సాంకేతిక సేవలకి 2 శాతం. ఏది ఏ కోవలోకి వస్తుందో మీ సీఏతో ముందే తేల్చుకుని అగ్రిమెంట్‌లోని పని వివరణ దానికి తగ్గట్టు ఉండేలా చూడండి. ఏడాదికి 50,000 దాటితేనే ఇది వర్తిస్తుంది, 2025 ఏప్రిల్ 1 ముందు ఈ పరిమితి 30,000. ఇన్వాయిస్‌లో జీఎస్టీ విడిగా చూపిస్తే దాన్ని మినహాయించి మిగతా మొత్తం మీదే కోయాలి. కన్సల్టెంట్ ఏడాది రాబడి 20 లక్షల లోపే ఉంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోవచ్చు, అది నేరమేం కాదు. రిజిస్ట్రేషన్ లేకుండా జీఎస్టీ వసూలు చేస్తేనే నేరం. నంబరు పోర్టల్‌లో సరిచూడండి.

కన్సల్టెంట్‌కి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉందా అని మొదటి రోజే అడగండి. సూక్ష్మ, చిన్న సంస్థగా నమోదై ఉంటే రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువులోపు, అదీ 45 రోజులు మించకుండా, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోపు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ. పైగా ఆ గడువు దాటి, మార్చి 31కి కూడా బాకీ ఉంటే ఆ ఖర్చుని ఆ ఏడాది లెక్కలో చూపించుకోలేరు. "పార్టీ పేమెంట్ రాగానే ఇస్తాం" అనే మన అలవాటు ఇక్కడ ఖరీదైనది.

తొమ్మిదో అడుగు: పక్కన మన మనిషి

కన్సల్టెంట్ వచ్చిన రోజే ఆయన పక్కన ఒక ఉద్యోగిని, పేరు పెట్టి, కూర్చోబెట్టండి. ఆ ఉద్యోగి పాత పనిలో సగమైనా వేరేవాళ్లకి అప్పగించాలి. లేకపోతే "నేర్చుకో" అన్నది మాటగానే మిగులుతుంది. మన యూనిట్‌లో అయితే నేను అకౌంట్స్ వాళ్లని కాదు, స్టోర్స్‌లోనో ప్లానింగ్‌లోనో పని చేసే చురుకైన కుర్రాడినో అమ్మాయినో ఎంచుకుంటాను. సరుకు కదలిక తెలిసినవాళ్లకి లెక్కలు నేర్పడం తేలిక.

వారానికొకసారి ఆ ఉద్యోగి చేత కన్సల్టెంట్ చేసిన సెట్టింగులు మీ ముందు చేయించండి, కన్సల్టెంట్ మాట్లాడకుండా. చివరి చెల్లింపులో 15 నుంచి 20 శాతం దీనికే ముడిపెట్టండి: మా మనిషి ఒక్కరే కొత్త ఐటెమ్ కోడ్ పెట్టగలగాలి, నెలాఖరు క్లోజింగ్ చేయగలగాలి, అప్పుడే ఆ మొత్తం. ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, గో లైవ్ రోజు స్వీట్లు పంచుకుంటే సరిపోదు. మొదటి నెలాఖరు, మొదటి జీఎస్టీ రిటర్ను, మొదటి స్టాక్ ఆడిట్ దాటేదాకా కన్సల్టెంట్ అందుబాటులో ఉండేలా అగ్రిమెంట్‌లోనే రోజులు రాసుకోండి.

మేనేజ్‌మెంట్‌కి చిన్న హెచ్చరిక. పొరుగింటి పుల్లకూర రుచి. మూడేళ్లుగా స్టోర్స్ ఇన్‌చార్జి చెప్తూ వస్తే వినని మాటని కన్సల్టెంట్ స్లైడ్‌లో చూపించగానే చప్పట్లు కొడతారు. ఆ ఇన్‌చార్జి మరుసటి రోజు నుంచి సహకరించడు, ఐటెమ్ లిస్టు అక్కడే ఆగిపోతుంది. ఆ మాట మొదట ఎవరిదో మీటింగ్‌లోనే చెప్పండి.

పదో అడుగు: పంపించడం, లేదా ఉంచుకోవడం

కన్సల్టెంట్ పని ముగిసిన రోజే లాగిన్లు మూసేయాలి. అడ్మిన్ పాస్‌వర్డులు, సర్వర్, డొమైన్, ఓటీపీ వెళ్లే ఫోన్ నంబరు ఎవరి పేరు మీద ఉన్నాయో చూడండి. డొమైన్ కన్సల్టెంట్ పర్సనల్ ఈమెయిల్ మీద రిజిస్టర్ అయి ఉండటం అరుదేం కాదు. ఇవన్నీ మీ పేరు మీదికి వచ్చాకే చివరి బిల్లు.

మనిషి బాగా నచ్చి ఉద్యోగంలోకి రమ్మనాలనిపిస్తే, ఆయన రోజు రేటుని 230తో హెచ్చవేసి జీతం అడిగితే ఆశ్చర్యపోకండి. 12,000 చొప్పున అది 27.6 లక్షలు అవుతుంది. ఆ రేటులో పని లేని రోజుల నష్టం, సెలవులు, సొంత ఇన్సూరెన్స్, క్లయింట్లని వెతుక్కునే కాలం అన్నీ కలిసి ఉన్నాయని ఆయనకీ తెలుసు. నిజంగా ఏడాదిలో ఎన్ని రోజులు బిల్లు వేశారో అడిగి, అక్కడి నుంచి బేరం మొదలుపెట్టండి. ఏజెన్సీ ద్వారా వచ్చిన మనిషైతే ముందు అగ్రిమెంట్ తీయండి, వాళ్ల మనిషిని మీరు తీసుకుంటే ఇంత ఫీజు అన్న షరతు దాదాపు ఖాయంగా ఉంటుంది. ఒప్పందం కుదిరాక కన్సల్టెన్సీని రాతపూర్వకంగా ముగించి, చివరి ఇన్వాయిస్ చెల్లించి, టీడీఎస్ సర్టిఫికెట్ ఇచ్చి, కొత్త తేదీతో అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వండి. ఉద్యోగంలో పని ఇంతకుముందు చేసినదానితో సమానంగా ఉండకుండా చూడండి. నిన్నటి కన్సల్టెంటే అదే కుర్చీలో అదే పని చేస్తూ ఇవాళ ఉద్యోగి అయితే, నిన్న కూడా ఉద్యోగే కదా అని అడగడానికి ఇన్‌స్పెక్టర్‌కి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు.